హన్మకొండలో ఇంటి ముందే ఫ్యూయల్ పైపు లీకేజీ రిపేరు: ఒక కేసు పూర్తి వివరాలు

బండి 2012 మోడల్ చిన్న పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. ఎంపీఎఫ్‌ఐ ఇంజిను, అంటే ఒక్కో సిలిండరుకూ ఒక్కో ఇంజెక్టరు పెట్రోలు చిమ్మే రకం. సీఎన్‌జీ కిట్టు లేదు. ఇల్లు హన్మకొండలో. పోర్టికో పొట్టిది కావడంతో ముందు చక్రాలు గచ్చు మీద, వెనక చక్రాలు ర్యాంపు మీద ఉండేలా నిలబెడతారు. ముక్కు పైకి, తోక కిందికి ఉంటుంది. ఈ వాలు సంగతి ముందే చెప్పడానికి కారణం ఉంది, లీకు దొరికే దగ్గర అది అక్కరకొస్తుంది.

మే నెల. యజమాని ఫోన్లో చెప్పిన మాట ఇది: "అన్నా, పొద్దున లేస్తే పోర్టికోల పెట్రోలు వాసన గుప్పుమంటంది. కింద చూస్తే చుక్క కనవడ్త లేదు. ఎలుకలు కొరికినయో ఏమో." ఇంకో రెండు సంగతులు అడిగితే బయటపడ్డాయి. వారం రోజులుగా పొద్దున బండి ఒక్క సెల్ఫుకు అందుకోవడం లేదు, రెండుమూడు సార్లు తిప్పాల్సి వస్తోంది. ఒకసారి బయటికి వెళ్లొచ్చి నిలబెట్టాక వెనక సీటు కింద, నేల మీద తడి మరక కనిపించింది, పది నిమిషాల్లో ఆరిపోయింది.

ఈ మూడూ ఒకే రోగం లక్షణాలు. ఎంపీఎఫ్‌ఐ బండ్లలో ట్యాంకులోని పంపు పెట్రోలును సుమారు 3 బార్ ప్రెషర్‌తో ఇంజిను దాకా తోస్తుంది. ఇంజిను ఆపాక కూడా ఆ ప్రెషర్ పైపులో కొన్ని గంటలు నిలబడాలి. ఎక్కడో సన్నని పగులు ఉంటే, బండి ఆపిన కాసేపటి వరకు కారి, ప్రెషర్ పడిపోగానే కారడం ఆగిపోతుంది. అందుకే పొద్దున చూస్తే చుక్క ఉండదు. పైపులో ప్రెషర్ లేదు కాబట్టే పొద్దున సెల్ఫు ఎక్కువసేపు తిప్పాల్సి వస్తుంది. ఇక మే నెల గచ్చు మీద పడ్డ పెట్రోలు నిమిషాల్లో ఆవిరైపోతుంది, వాసన మిగులుతుంది. ఈ సీజన్లో ఏసీ నీళ్లు కూడా బండి కింద కారుతుంటాయి గనక చాలామంది తడి చూసి ఏసీ నీళ్లే అనుకుని వదిలేస్తారు. ఏసీ నీళ్లు ముందు సీటు ముందుభాగం కింద, ఏసీ నడిచినప్పుడే పడతాయి, వాసన ఉండదు. వెనక సీటు కింద తడి కనిపిస్తే అది ఏసీ నీళ్లు కానే కాదు.

యజమాని మొదట అడిగింది, నడుపుకుంటూ షాపుకు తెమ్మంటారా అని. వద్దన్నాం. ఈ రిపేరు ఇంటి దగ్గర చేయడానికి అసలు కారణం అదే. నిలబడ్డ బండిలో లీకు వాసనతో పోతుంది. నడిచే బండిలో అదే లీకు 3 బార్ ప్రెషర్‌తో చిమ్ముతుంది, పక్కనే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ (ఇంజిను పొగ బయటికి పోయే గొట్టాల గుత్తి) వందల డిగ్రీల వేడి మీద ఉంటుంది. హన్మకొండ చౌరస్తా దగ్గర సిగ్నల్లో ఆగి, గాలి ఆడక బానెట్ కింద ఆవిరి పేరుకుంటే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. లీకు ఉన్న పెట్రోలు బండిని స్టార్ట్ చేయకూడదు. ఇంటి దగ్గర చేయగలిగితే చేయాలి, లేకపోతే ఫ్లాట్‌బెడ్ (బండ్లను మోసుకుపోయే లారీ) మీద ఎక్కించి పంపాలి.

ఆవిరి లెక్క

పెట్రోలు కంటే పెట్రోలు ఆవిరి ప్రమాదం. ఈ ముక్క మెదడులో గట్టిగా కూర్చున్నవాళ్లే ఈ పని ముట్టుకోవాలి. పెట్రోలు ఫ్లాష్ పాయింట్ సుమారు మైనస్ 40 డిగ్రీలు. అంటే మన ఊళ్లో ఏ కాలంలోనైనా, ఏ వేళలోనైనా అది మండే ఆవిరిని ఇస్తూనే ఉంటుంది. గాలిలో ఆ ఆవిరి సుమారు 1.4 శాతం చేరితే చాలు, నిప్పురవ్వ తగిలితే అంటుకుంటుంది. ఆవిరి గాలి కంటే మూడు నాలుగు రెట్లు బరువు, పైకి పోదు, నేలను పట్టుకుని పాకుతుంది.

ఒక టీ గ్లాసు, అంటే 200 మిల్లీలీటర్ల పెట్రోలు, గాలి ఆడని పోర్టికోలో కారి ఆవిరైందనుకుందాం. అది సుమారు 35 లీటర్ల ఆవిరి అవుతుంది. 1.4 శాతం లెక్కన అది రెండున్నర ఘనపు మీటర్ల గాలిని మండే మిశ్రమంగా మార్చగలదు. పోర్టికో 3 మీటర్ల వెడల్పు, 5 మీటర్ల పొడవైతే, ఆ మిశ్రమం నేల మీద 17 సెంటీమీటర్ల ఎత్తున, దాదాపు జానెడు మందాన పరుచుకోగలదు. ఆ జానెడు ఎత్తులో మన ఇళ్లల్లో ఏమేం ఉంటాయో చూడండి. మెట్ల కింద ఇన్వర్టరు, బ్యాటరీ. పోర్టికో మూలన సంపు మోటరు. గడప దగ్గర దీపం. ఈ కేసులో మూడూ ఉన్నాయి. ఇన్వర్టరు కరెంటు పోయినప్పుడల్లా దానంతటదే రిలే కొట్టుకుంటుంది, మనం స్విచ్చు ముట్టనవసరం కూడా లేదు.

సంపు ఇంకా పెద్ద సమస్య. పోర్టికో కిందే నీళ్ల సంపు, దాని మీద సందులున్న ఇనుప మూత. బరువైన ఆవిరి ఆ సందుల్లోంచి దిగి లోపల నిలిచిపోతుంది, గాలి తగలదు, రోజులు గడిచినా పోదు. పెట్రోలు చుక్కలు లోపలికి పోతే నీళ్లు కూడా పాడవుతాయి. ఇక్కడ అదృష్టం కొద్దీ లీకు కారిన చోటు సంపు మూతకు దిగువన, వీధివైపు ఉంది. అయినా మూత తీసి, దూరంగా నిలబడి, గాలి ఆడేలా రాత్రంతా వదిలేశాం. పిల్లలు పడకుండా అడ్డంగా పాత మంచం పెట్టించాం. మోటరు తెల్లారేదాకా వేయొద్దన్నాం.

బండిని బయటికి తీయడం

పోర్టికోలో పని చేయకూడదు. ఇంటి పక్కన ఖాళీ ప్లాటు ఉంది, బండిని అక్కడికి తోసుకెళ్లాలి. ఇది తేలిక పనే గానీ ఇందులోనే మూడు తప్పులు జరుగుతుంటాయి.

మొదటిది, పోర్టికోలోనే బ్యాటరీ తీగ తీయడం. ఆవిరి నిలిచిన చోట బ్యాటరీ టెర్మినల్ దగ్గర రవ్వ పుట్టిస్తే అంతే సంగతులు. బ్యాటరీ పని ఆరుబయట, బానెట్ ఎత్తి పది నిమిషాలు గాలి తగిలాకే. రెండోది, స్టీరింగ్ లాకు తీయడానికి తాళం పూర్తిగా ఆన్‌లోకి తిప్పడం. ఆన్‌లోకి రాగానే పంపు రెండుమూడు సెకన్లు తిరిగి పైపులో ప్రెషర్ ఎక్కిస్తుంది, లీకు మళ్లీ మొదలవుతుంది. మొదటి గడి దగ్గరే ఆపాలి, స్టీరింగ్ వదులవుతుంది, పంపు తిరగదు. మూడోది, బ్రేకు మీద ధీమా. ఇంజిను ఆగి ఉంటే బ్రేకు బూస్టరు పనిచేయదు, పెడలు రాయిలా ఉంటుంది. ర్యాంపు దిగేటప్పుడు స్టీరింగ్ దగ్గర కాలి బలం ఉన్న మనిషి కూర్చోవాలి, ఒకరు వెనక చక్రాలకు అడ్డంగా వేయడానికి కట్టె దుంగ పట్టుకుని పక్కన నడవాలి, బండి వెనక ఎవరూ నిలబడకూడదు.

ప్లాటులో సమతలంగా ఉన్న చోట నిలబెట్టి, హ్యాండ్‌బ్రేకు వేసి, నాలుగు చక్రాలకూ ఇటుకలు పెట్టించాం. గాలి ఎటు వీస్తోందో కాస్త దుమ్ము వదిలి చూశాం. వీధి మూలన మిర్చిబజ్జీల బండి ఉంది, దాని స్టవ్వు వైపు గాలి పోకూడదు. చుట్టూ కనీసం 25 అడుగుల దాకా పొయ్యి, బీడీ, ఊదుబత్తి, దోమల బ్యాటు ఏవీ ఉండొద్దు. సాయంకాలం వేళ దోమల బ్యాటు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. అది పని చేసేదే నిప్పురవ్వతో, పిల్లల చేతుల్లో ఉంటుంది. ఫోన్లు ఇంట్లో పెట్టించాం.

మంటలార్పే నాలుగు కిలోల ఏబీసీ పౌడర్ సిలిండరు, ముల్లు ఆకుపచ్చ గీతలో ఉందో లేదో చూసి, పిన్ను మీద చేయి ఉంచి ఒక మనిషి బండికి ఎదురుగాలిలో కాకుండా, గాలి వచ్చే వైపు నిలబడాలి. అతనికి ఇంకే పనీ చెప్పకూడదు. పానా అందించమని కూడా అడగకూడదు. పక్కన రెండు బకెట్ల పొడి ఇసుక. పెట్రోలు మంట మీద నీళ్లు పోస్తే మంట నీళ్ల మీద తేలుతూ పాకుతుంది, కాబట్టి నీళ్లు వద్దు. మంట సిలిండరుకు లొంగకపోతే అందరూ దూరం జరిగి 101కి ఫోను చేయాలి, బండి పోతే పోనీ.

లీకు ఎక్కడో తేల్చడం

తడి కనిపించింది వెనక సీటు కింద. అనుభవం లేనివాళ్లు అక్కడే వెతుకుతారు, ట్యాంకు దించుదాం అంటారు. కానీ చుక్క పడే చోటు, పైపు పగిలిన చోటు ఒకటే కానవసరం లేదు. ఇంజిను గది నుంచి ట్యాంకు దాకా నేల కింద ఉక్కు పైపు పోతుంది. ముక్కు పైకెత్తి నిలబెట్టిన బండిలో ముందు కారిన పెట్రోలు ఆ పైపు వీపు మీదుగా వెనక్కి జారి, పైపును పట్టుకునే ప్లాస్టిక్ క్లిప్పు అడ్డం తగిలిన చోట కింద పడుతుంది.

ఇంజిను పూర్తిగా చల్లారాక, పొద్దు వాలాక పరీక్ష మొదలుపెట్టాం. ఎల్‌ఈడీ టార్చి మాత్రమే, అదీ బండికి దూరంగా ఆన్ చేసుకుని దగ్గరికి తెచ్చాం. వైరుతో వచ్చే బల్బు లైటు పనికిరాదు, బల్బు పగిలితే దాని తీగే చాలు అంటుకోవడానికి. పైపును గుడ్డతో తుడిచి, ఆరనిచ్చి, సుద్దముక్క పొడి చల్లాం. తడి తగిలిన చోట సుద్ద రంగు మారి గీతలా కనిపిస్తుంది. ఒకరు తాళం ఆన్‌లోకి తిప్పి మూడు సెకన్లు ఉంచి ఆపారు. ఇలా రెండుసార్లు. సెల్ఫు కొట్టలేదు, ఆ అవసరం లేదు. ఆ రెండు తిప్పులకే పంపు సరిపడా ప్రెషర్ ఎక్కిస్తుంది. చూసే మనిషి కళ్లద్దాలు పెట్టుకుని, మొహం పైపుకు నేరుగా పెట్టకుండా, చేయి చాచినంత దూరం నుంచి చూడాలి.

రెండో తిప్పుకే దొరికింది. ఇంజిను గది వెనక గోడ దగ్గర, ఉక్కు పైపు నుంచి ఇంజెక్టర్ల రైలుకు (ఇంజెక్టర్లన్నిటికీ పెట్రోలు పంచే గొట్టానికి) పోయే రబ్బరు పైపు, ఉక్కు పైపు మీద ఎక్కిన చివర, క్లిప్పు అంచు కింద. పగులు కింది వైపు ఉంది, పై నుంచి చూస్తే పైపు నిక్షేపంగా ఉన్నట్టే కనిపిస్తుంది. అక్కడి నుంచి ఉక్కు పైపు వెంట దుమ్ము కడిగేసినట్టు శుభ్రమైన చార వెనక దాకా పోయింది. దుమ్ము పట్టిన పైపు మీద అలాంటి శుభ్రమైన చార కనిపిస్తే సగం నిర్ధారణ అయినట్టే.

ఎలుకల అనుమానం తప్పేమీ కాదు. యాసంగి వరికోతలు అయ్యాక పొలాల ఎలుకలు ఇళ్లకు చేరతాయి, ధాన్యం బస్తాలు ఉన్న ఇంటి బండ్లలో వైర్లు, పైపులు కొరికిన కేసులు ఈ చుట్టుపక్కల కొత్త కాదు. ఈ ఇంజిను మీద కూడా ఎలుక పెంట్లు ఉన్నాయి. కానీ ఎలుక కొరికితే జంట పళ్ల గాట్లు పడతాయి, రబ్బరు బయటి పొర తురిమినట్టు ఊడి ఉంటుంది, సాధారణంగా పైపు మధ్యలో ఉంటుంది, పక్కనున్న వైర్ల మీద కూడా గాట్లు ఉంటాయి. ఇక్కడ పగులు నిలువుగా, సన్నగా, సరిగ్గా క్లిప్పు పళ్లు కొరికిన గీత నుంచి మొదలైంది.

సైజులు చూసుకుని, తాళం తీసి, ఫ్యూయల్ పంపు ఫ్యూజు తీసి, లైట్లు, డోర్ల లైటు అన్నీ ఆరిపోయాయని చూసుకుని బ్యాటరీ నెగెటివ్ తీగ విప్పాం. రాత్రికి బండి కింద ఇసుక పరిచి, పెట్రోలు ట్యాంకు మూత వదులు చేసి, అలాగే వదిలేశాం.

కారణం: ఏ పైపు అన్నది ఎవరూ చదవలేదు

ఊడదీసిన పైపు కంపెనీది కాదు. ఎప్పుడో ఒక షాపులో మీటరు లెక్కన కొన్న పైపు వేశారు. దాని మీద అక్షరాలు చదివితే ఎస్‌ఏఈ జె30 ఆర్7 అని ఉంది. ఎస్‌ఏఈ జె30 అంటే ఫ్యూయల్ పైపుల ప్రమాణం, ఆర్ పక్కన ఉన్న అంకె పైపు రకం. ఇది కార్బ్యురేటర్ బండ్లకు, ట్యాంకు రిటర్న్ లైనుకు సరిపోయే రకం. లోపలి పొర నైట్రైల్ రబ్బరు, పనిచేసే ప్రెషర్ హద్దు 50 పీఎస్‌ఐ, అంటే సుమారు 3.4 బార్. బండి ప్రెషర్ 3 బార్. కాగితం మీద హద్దులోనే ఉంది కదా అని వేసిన మనిషి అనుకుని ఉంటాడు. కానీ ఇంజెక్టర్లు తెరుచుకుని మూసుకునే ప్రతిసారీ పైపులో దెబ్బ పడుతుంది, బానెట్ కింద వేడి ఉంటుంది, ఏళ్లు గడిచేకొద్దీ రబ్బరు బలం తగ్గుతుంది. మిగులు బలం లేని పైపు అది.

దానికి పెట్రోలు మారడం తోడైంది. 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు అమ్మకం 2023 ఫిబ్రవరిలో మొదలైంది, 2025కల్లా దేశమంతటా దాదాపు అదే దొరుకుతోంది. ఇథనాల్ పాత నైట్రైల్ రబ్బరును ఉబ్బిస్తుంది, రబ్బరును మెత్తగా ఉంచే నూనె పదార్థాలను లాగేస్తుంది. బండి రోజుల తరబడి నడవకపోతే రబ్బరు ఎండి గట్టిపడి, వంచితే టప్పున విరుగుతుంది. 2023కు ముందు తయారైన బండ్లు ఉన్నవాళ్లు వాసన రాకముందే ఒకసారి రబ్బరు పైపులు వేలితో నొక్కి చూసుకోవడం మంచిది. నొక్కితే గట్టిగా ఉండి, వంచితే సన్నని చీలికలు తేలుతుంటే వాటి పని అయిపోయినట్టే.

మూడో దోషి క్లిప్పు. మరచుట్టు తిప్పి బిగించే మామూలు క్లిప్పు, పట్టీ మీద నిలువు చీలికలు ఉండేది వేశారు. నీళ్ల పైపులకు, రేడియేటర్ పైపులకు అది బాగుంటుంది. సన్నని ఫ్యూయల్ పైపు మీద బిగిస్తే ఆ చీలికల అంచులు రబ్బరులోకి దిగి కోస్తాయి, పైగా మర ఉన్న వైపు బిగువు తక్కువ, మిగతా వైపు ఎక్కువ. పగులు సరిగ్గా అక్కడే మొదలైంది.

సామాను

ఎస్‌ఏఈ జె30 ఆర్9 అని అచ్చు ఉన్న పైపు, లోపలి వ్యాసం 8 మిల్లీమీటర్లు, అర మీటరు. వాడింది 32 సెంటీమీటర్లే, కానీ పొట్టిగా తెస్తే తిప్పలు. ఆర్9 లోపలి పొర ఫ్లోరోకార్బన్ రబ్బరు, ఇథనాల్‌ను తట్టుకుంటుంది, హద్దు 100 పీఎస్‌ఐ. అచ్చు లేని పైపును షాపువాళ్లు ఎంత గట్టిగా చెప్పినా కొనొద్దు. ఖరీదు మామూలు పైపు కంటే చాలా ఎక్కువ, మీటరు కొనే చోట అర మీటరు కొనండి గానీ రకం తగ్గించొద్దు. ట్యాంకు లోపల మునిగి ఉండే పైపు వేరే రకం, ఆర్10. బయటి ఆర్9 పైపును ట్యాంకులో ముంచకూడదు, దాని బయటి పొర పెట్రోలుకు తట్టుకోదు.

క్లిప్పులు రెండు, ఫ్యూయల్ ఇంజెక్షన్ రకం, లోపలి అంచు మడిచి నున్నగా ఉండేవి, 14 నుంచి 16 మిల్లీమీటర్ల సైజు. 8 మిల్లీమీటర్ల ఆర్9 పైపు బయటి వ్యాసం 14 దాటుతుంది, కాబట్టి చిన్న సైజు ఎక్కదు.

నైట్రైల్ గ్లోవ్స్, కళ్లద్దాలు, కొత్త కట్టర్ బ్లేడు, చిన్న స్టీలు గిన్నె, పాత నూలు గుడ్డలు, శుభ్రమైన ఇంజిన్ ఆయిలు ఒక చెంచా. ఒంటి మీద నూలు బట్టలే. పాలిస్టర్ చొక్కా రాసుకుంటే రవ్వ పుడుతుంది, మంట తగిలితే ఒంటికి కరిగి అంటుకుంటుంది.

పని

పొద్దున ఆరింటికి మొదలుపెట్టాం. మే నెల్లో పని వేళ అదే. పెట్రోలులో తేలిక భాగాలు 35 డిగ్రీల దగ్గరే మరగడం మొదలుపెడతాయి. మధ్యాహ్నం 43 డిగ్రీల ఎండలో పైపు విప్పితే పెట్రోలు కళ్లముందే పొగలా లేస్తుంది.

ప్రెషర్ దించే పద్ధతి గురించి కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ మాన్యువల్ చెప్పింది గుడ్డిగా పాటిస్తే ముప్పు. చాలా బండ్ల మాన్యువల్లో ఉండే పద్ధతి: పంపు రిలే లేదా ఫ్యూజు తీసి, ఇంజిను స్టార్ట్ చేసి, పైపులో పెట్రోలు అయిపోయి దానంతటదే ఆగేదాకా నడిపి, మళ్లీ రెండుమూడు సార్లు సెల్ఫు కొట్టడం. ఫిల్టరు మార్చేటప్పుడు, లీకు లేని బండికి అది సరైన పద్ధతే. ఇంజిను గదిలో లీకు ఉన్న బండికి కాదు. స్టార్ట్ చేస్తే మానిఫోల్డ్ వేడెక్కుతుంది, సెల్ఫు మోటరు బ్రష్‌ల దగ్గర రవ్వలు పుడతాయి, అదే గదిలో పెట్రోలు చిమ్ముతుంటుంది. ఈ కేసులో పగులే రాత్రంతా ప్రెషర్ దించేసింది. అయినా నమ్మకం పెట్టుకోలేదు. ట్యాంకు మూత తీసి ఆవిరి ఒత్తిడి వదిలి, కీలు మీద రెండు మడతల గుడ్డ చుట్టి, ఆ గుడ్డ కిందే క్లిప్పు మెల్లగా వదులు చేశాం. కొద్దిగా చెమ్మ వచ్చింది, అంతే.

పాత పైపును కట్టింగ్ ప్లేయరుతో పట్టి మెలితిప్పొద్దు. ఉక్కు పైపు గోడ పల్చన, మెలితిరిగితే నేల కింద దాకా పైపు మార్చాల్సి వస్తుంది. బ్లేడుతో పైపు పొడవునా, ఉక్కు మీద గీత పడకుండా, రబ్బరు వరకే చీల్చి తొక్క ఒలిచినట్టు తీయాలి. హాక్సా వాడొద్దు. కింద స్టీలు గిన్నె పెడితే సుమారు 100 మిల్లీలీటర్ల పెట్రోలు దిగింది. ట్యాంకు ఇంజిను కంటే కిందికి ఉంటుంది కాబట్టి సమతలం మీద అంతకంటే రాదు. అదే లీకు వెనక, ట్యాంకు దగ్గర ఉంటే, కారడం ఆగదు, ముందే ట్యాంకు ఖాళీ చేయాలి. ఖాళీ చేసిన పెట్రోలు ప్లాస్టిక్ బకెట్లో, నీళ్ల బాటిళ్లలో పట్టొద్దు. పెట్రోలియం చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా ఇంట్లో ఉంచుకోగలిగేది మొత్తం 30 లీటర్లు, అదీ గట్టి మూత ఉన్న లోహపు డబ్బాలో. ప్లాస్టిక్‌కు స్టాటిక్ కరెంటు బెడద కూడా ఉంది.

రెండు ఉక్కు చివరలనూ గోరుతో తడిమి చూశాం. చివర ఉబ్బెత్తు అంచు నున్నగా ఉంది, తుప్పు పైపైనే. గోరు తట్టుకునేంత గుంట ఉంటే రబ్బరు మార్చి లాభం లేదు, అక్కడే మళ్లీ కారుతుంది, ఆ పని ఇంటి దగ్గర అయ్యేది కాదు. పైపైన తుప్పును, పెట్రోలు పూర్తిగా ఆరాక, 600 నంబరు ఎమరీ కాగితంతో చేత్తోనే రుద్ది తుడిచాం. లోపలికి దుమ్ము పోకుండా రుద్దేటప్పుడు చివర శుభ్రమైన గుడ్డ కుక్కి, తర్వాత తీసేశాం. ఈ గుడ్డ తీయడం మరిచిపోయి బండి స్టార్ట్ కాక గంటలు వెతుక్కునే మెకానిక్‌లు ఉన్నారు, దాని కొస బయటికి వేలాడేలా పెట్టుకోవాలి.

కొత్త పైపు చివర బ్లేడుతో ఒక్క కోతలో నిటారుగా కోయాలి. పొడవు కొలిచేటప్పుడు ఇంజిను మౌంట్ల మీద ఊగుతుందని గుర్తుంచుకుని రెండు సెంటీమీటర్లు వదులు ఇవ్వాలి. వంపు 8 సెంటీమీటర్ల వ్యాసార్ధం కంటే బిగుతుగా ఉంటే లోపల నలుగుతుంది. రెండు క్లిప్పులూ ముందే పైపు మీదికి ఎక్కించుకుని, ఉక్కు చివర మీద ఒక చుక్క ఇంజిన్ ఆయిలు రాసి, కొద్దికొద్దిగా తిప్పుతూ 25 నుంచి 30 మిల్లీమీటర్లు తోయాలి. గ్రీజు, సబ్బు, టెఫ్లాన్ టేపు, సిలికాన్, ఎం-సీల్ లాంటి పుట్టీ, ఏదీ వద్దు. పుట్టీతో పగులు పూడ్చి నెట్టుకొస్తున్న బండ్లు చాలానే తిరుగుతున్నాయి. లోపల 3 బార్ ప్రెషర్ ఉన్న, ఊగే రబ్బరు మీద పుట్టీ నిలబడదు. ముక్కలై ఊడి వచ్చినప్పుడు ఒక్కసారిగా చిమ్ముతుంది.

క్లిప్పు ఉబ్బెత్తు అంచు దాటాక, పైపు కొసకు కనీసం 3 మిల్లీమీటర్ల ఇవతల కూర్చోవాలి. రబ్బరు క్లిప్పు అంచుతో సమంగా వచ్చేదాకా బిగిస్తే చాలు. రబ్బరు పట్టీ పక్కల నుంచి పొంగుతోందంటే ఎక్కువ బిగించారని అర్థం, వదులు చేసి మళ్లీ బిగించాలి. పైపు ఎగ్జాస్ట్ వైపు గానీ, ఏసీ పైపు మీద గానీ ఒరగకుండా పాత హోల్డరులోనే కూర్చోబెట్టాం.

రైలు వైపు కొన్ని బండ్లలో క్లిప్పు బదులు ప్లాస్టిక్ క్విక్ కనెక్టరు ఉంటుంది. రెండు చెవులు నొక్కి లాగితే వస్తుంది, పెట్టేటప్పుడు టక్ మని శబ్దం రావాలి, తర్వాత వెనక్కి లాగి చూడాలి. చెవి విరిగినా, లోపలి ఓ-రింగు నలిగినా ఆ కనెక్టరు మొత్తం కంపెనీదే కొనాలి. కోసేసి రబ్బరు తొడగొద్దు, కనెక్టరు ఎక్కే ఉక్కు చివర ఆకారం క్లిప్పు పట్టడానికి చేసింది కాదు.

పరీక్ష

కీళ్ల చుట్టూ టిష్యూ కాగితం చుట్టి, గిన్నె, గుడ్డలు దూరం పెట్టి, పావుగంట గాలి తగిలాక ఫ్యూజు పెట్టి, చివరగా బ్యాటరీ నెగెటివ్ బిగించాం. ట్యాంకు మూత పెట్టాం. తాళం ఆన్, మూడు సెకన్లు, ఆఫ్. ఇలా ఐదుసార్లు. ప్రతిసారీ టిష్యూ చూడాలి, వాసన చూడాలి. పది నిమిషాలు ఆగి మళ్లీ చూశాం, పొడిగా ఉంది. ఆ తర్వాతే స్టార్ట్. పైపులో గాలి ఉంటుంది కాబట్టి మొదటిసారి కాస్త ఎక్కువ సెల్ఫు తీసుకుంటుంది. ఐదు నిమిషాలు ఐడిల్, ఆపై 2500 ఆర్‌పీఎం దగ్గర ఒక నిమిషం, మళ్లీ టార్చితో రెండు కీళ్లూ. సిలిండరు పట్టుకున్న మనిషి ఇంజిను ఆపేదాకా కదలలేదు. బ్యాటరీ తీసినందుకు ఐడిల్ మొదట్లో కొంచెం ఎగుడుదిగుడుగా ఉంటే కంగారు వద్దు, కాసేపు నడిచాక సర్దుకుంటుంది.

ఆ రాత్రి బండిని ప్లాటులోనే ఉంచి, కీళ్ల కింద న్యూస్‌పేపర్ పరిచాం. పొద్దున కాగితం మీద మరక లేదు, బండి మొదటి సెల్ఫుకే అందుకుంది. ప్రెషర్ రాత్రంతా నిలబడిందని అదే రుజువు. గేజీ ఉంటే నేరుగా కొలవచ్చు, లేనివాళ్లకు ఈ రుజువు చాలు.

ఒక చోట కదిలిస్తే పక్క కీలు కారడం ఈ పనిలో తరచూ జరిగేదే. పాత పైపు లాగే క్రమంలో రైలు చివర కూడా ఒరుసుకుంటుంది. అందుకే ఒక చివర మాత్రమే పగిలినా పైపు మొత్తం, రెండు క్లిప్పులూ మార్చాలి. పగిలిన కొస కోసేసి మిగిలిన పాత పైపునే కిందికి లాగి తొడగడం ఎంత తేలికగా కనిపించినా చేయొద్దు. కొస పగిలిన రబ్బరు మిగతా చోట మాత్రం కొత్తగా ఉండదు.

పెట్రోలు తడిసిన గుడ్డలు ముద్దగా పెట్టకుండా ప్లాటులో విడివిడిగా ఆరేసి, ఆరాక మూత ఉన్న ఇనుప డబ్బాలో వేశాం. తడి ఇసుకనూ అలాగే ఎండలో, జనం తిరగని చోట పల్చగా పరిచి ఆరనిచ్చాం. గిన్నెలో దిగిన పెట్రోలు తుప్పు, దుమ్ము కలిసింది, ట్యాంకులో పోయలేదు, డ్రైనేజీలో అసలే పోయకూడదు. చిన్న లోహపు డబ్బాలో షాపుకు తీసుకుపోయాం. చేతులు సబ్బుతో కడుక్కునేదాకా పొయ్యి దగ్గరికి పోవద్దని ఇంట్లో చెప్పాం.

ఇంటి దగ్గర ముట్టుకోకూడనివి

రబ్బరు పైపు, రెండు క్లిప్పులు, చేయి దూరే చోటు ఉన్నప్పుడే ఇది ఇంటి పని. నేల కింది ఉక్కు పైపుకు తుప్పు బొక్క పడితే, నైలాన్ పైపు చీలితే, ట్యాంకు కారితే, ఇంజెక్టర్ల రైలు విప్పాల్సి వస్తే షాపుకు పోవాలి, అదీ ఫ్లాట్‌బెడ్ మీద. ఖాళీ ట్యాంకుకు వెల్డింగ్ పెట్టించే ఆలోచనే వద్దు, ఖాళీ ట్యాంకు నిండా ఆవిరే ఉంటుంది. డీజిల్ కామన్ రైలు బండ్లలో ప్రెషర్ 1600 బార్ దాటుతుంది, దాని సన్నని చిమ్ము చర్మంలోకి సూదిలా దిగుతుంది, పైకి చిన్న చుక్కలా కనిపించినా ఆసుపత్రికి పరుగెత్తాల్సిన గాయం. డైరెక్ట్ ఇంజెక్షన్ పెట్రోలు బండ్లు కూడా ఆ కోవలోవే. సీఎన్‌జీ సిలిండరులో సుమారు 200 బార్ ఉంటుంది, దాని పైపుల్ని లైసెన్సు ఉన్నవాళ్లే ముట్టుకోవాలి.

వారం తర్వాత చల్లని ఇంజిను మీద రెండు క్లిప్పులూ చూశాం. కొత్త రబ్బరు మొదటి వేడికి కొంచెం సర్దుకుంటుంది, రైలు వైపు క్లిప్పుకు పావు చుట్టు బిగింపు పట్టింది. ట్యాంకులోని పెట్రోలు ఆవిరిని పట్టి ఉంచే డబ్బాకు పోయే 6 మిల్లీమీటర్ల పైపు కూడా పాత రబ్బరు పైపు వయసుదే, నొక్కితే గట్టిగా ఉంది. దాన్నీ మార్చేశాం.